వంటశాల వెనక ఆనపపాదు

ఏప్రిల్‌లో ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగాను. పొద్దెక్కి ఎంతోసేపు కాలేదు. ప్లాట్‌ఫాం అప్పటికే కాలుతోంది. నా దగ్గర ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, భుజాన చిన్న సంచి. పెట్టె మీద తెల్ల పెయింటుతో నా నంబరు, ర్యాంకు, పేరు. అంతకు ముందు రెండేళ్లు లదాఖ్‌లో ఉన్నాను. మంచుకు వేళ్లు నల్లబడ్డ కుర్రాళ్ల బూట్లు కోసి తీయడం అక్కడ నా పని. ఢిల్లీ పోస్టింగ్ అనగానే మా ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"ఇంకేటి భయం లేదు. కూకుని తినడమే" అంది మా ఆవిడ ఫోన్‌లో. మాది టెక్కలి దగ్గర ఊరు.

నేను డాక్టరును కాను. నర్సింగ్ అసిస్టెంట్ హవల్దార్‌ని. సూది వేస్తాను, కట్టు కడతాను, సెలైన్ ఎక్కిస్తాను. డాక్టరు చేతికి అందేదాకా మనిషి ప్రాణం నిలబెట్టడం నా బాధ్యత. జవాన్లు మాత్రం మమ్మల్నే డాక్టర్ సాబ్ అంటారు.

యూనిట్ పేరు చెప్పను. లారీల యూనిట్. కంటోన్మెంట్‌కు ఒక చివర, విమానాలు దిగే దారి కింద. విమానం వచ్చినప్పుడల్లా రేకుల కప్పులు గలగలమనేవి. రెండు వరుసల బ్యారెక్‌లు, లారీల షెడ్డు, మధ్యలో పరేడ్ మైదానం. ఒక మూల మా ఎం.ఐ. రూమ్, అంటే జబ్బుపడ్డవాళ్లను చూసే గది. రెండు మంచాలు, ఒక ఆక్సిజన్ సిలిండర్, మందుల అల్మారా. దానికి ఎదురుగా లంగర్. ఫౌజులో వంటశాలను అలాగే పిలుస్తారు.

మా డాక్టర్ ఒక కెప్టెన్ మేడమ్. పుణె అమ్మాయి. వయసులో నాకంటే చాలా చిన్నది. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఇక్కడ తూటా గాయాలు రావు హవల్దార్ సాబ్. షుగరు, బీపీ, వడదెబ్బ, కడుపునొప్పి. అవేగా అని తేలిగ్గా తీసుకోకండి."

"జీ మేడమ్" అన్నాను. లోపల మాత్రం తేలిగ్గానే ఉంది. కొండ మీద నుంచి వచ్చినవాడికి కడుపునొప్పి ఒక లెక్కా అనిపించింది.

ఆ క్యాంపును నడిపేది సుబేదార్ సాబ్. హర్యానా మనిషి. ఆరడుగులు, తెల్లబడ్డ మీసం, మైకు అక్కర్లేని గొంతు. పరేడ్‌లో బూటు లేసు వదులైతే పది మంది ముందు కడిగేసేవాడు. మధ్యాహ్నం అదే కుర్రాడి డ్యూటీ దగ్గరికి వెళ్లి చేతిలో రెండు కమలాపళ్లు పెట్టేవాడు. మే మొదట్లో ఒక డ్రైవర్‌కు వడదెబ్బ తగిలింది. మా గదిలో కూలర్ పాడైపోయి ఉంది. సుబేదార్ సాబ్ తన గదిలోని కూలర్‌ను తనే ఒక పక్క పట్టుకుని మోసుకొచ్చాడు. వేసవంతా అది మా దగ్గరే ఉంది. ఆయన ఆరుబయట మంచం వేసుకుని పడుకునేవాడు.

ఆయనకు షుగరు బయటపడింది. సుబేదార్ మేజర్ ప్రమోషన్ దగ్గర్లో ఉంది. మెడికల్ కేటగిరీ దిగిపోతే ఆ ప్రమోషన్ రాదు. మేడమ్ మాత్రలు రాసిచ్చింది. తీపి, అన్నం తగ్గించమంది. ఆయన తల ఊపాడు. మాత్రలు వేసుకునేవాడు. వాటితో పాటు ఇంకో మందు కూడా మొదలుపెట్టాడు. రోజూ పీటీ అయ్యాక ఒక పెద్ద స్టీలు గ్లాసు నిండా పచ్చి లౌకీ రసం.

లౌకీ అని ఆయన అంటాడు. మా వైపు ఆనపకాయ. మా వంటవాడు మల్లేశంది సిద్దిపేట, ర్యాంకు నాయక్. వాడు సొరకాయ అంటాడు. కాయ ఒకటే. రోజూ దాన్ని మిక్సీలో వేసి రసం తీసి ఇచ్చేది వాడే.

ఆ కాయలు బజారువి కావు. సుబేదార్ సాబ్ భార్య వాళ్ల ఊరి నుంచి గింజలు తెచ్చింది. లంగర్ వెనక గోడ వారన ఆమే తన చేత్తో నాటింది. పాదు రేకుల కప్పు మీదికి పాకింది. క్వార్టర్స్ దగ్గరే కావడంతో సాయంత్రాలు వచ్చి మట్టి కెలికి, పసుపు ఆకులు తుంచి వెళ్లేది. మేమంతా ఆమెను భాభీజీ అనేవాళ్లం. కాయలు దిగడం మొదలయ్యాక మా లంగర్‌కు కూడా ఇచ్చింది. మల్లేశం శనగపప్పు వేసి కూర చేశాడు. అందరం రెండోసారి వడ్డించుకుని తిన్నాం. బాగుంది. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ పాదు మొదటినుంచీ చెడ్డది కాదు.

మే నెల ముదిరింది. లూ మొదలైంది. రాజస్థాన్ వైపు నుంచి వచ్చే వడగాలి అది. మొహం మీద పొయ్యి తలుపు తెరిచినట్టుంటుంది. నీళ్ల పైపు పగిలింది. ట్యాంకర్ రోజుకొకసారి వచ్చేది. తాగడానికి, వంటకు, లారీల రేడియేటర్లకు సరిపోతే గొప్ప. మొక్కలకు ఎవరు పోస్తారు? పాదు ఆకులు అంచులు మాడి ముడుచుకున్నాయి. సుబేదార్ సాబ్ తను స్నానం చేసిన నీళ్లను బకెట్‌లో పట్టుకెళ్లి మొదట్లో పోసేవాడు. పాదు చావలేదు. కాయలు చిన్నవయ్యాయి, వంకర తిరిగాయి. కాసినందుకే ఆయనకు గర్వంగా ఉండేది.

"చూశావా డాక్టర్, హర్యానా విత్తనం. ఎండకు లొంగదు" అని నాకు చూపించాడు ఒకసారి.

ఆ రోజుల్లోనే ఆయనకూ మల్లేశానికీ మాటా మాటా పెరిగింది. మల్లేశం చెల్లెలికి కాన్పు కష్టమై సిద్దిపేట ఆసుపత్రిలో ఉంది. వాడు సెలవు అడిగాడు. ఇంకో వంటవాడు అప్పటికే సెలవులో ఉన్నాడు. వారం ఆగమన్నాడు సుబేదార్ సాబ్. మల్లేశం గరిటె నేలకేసి కొట్టాడు.

"అయితే మీ వంట మీరే చేసుకోండి సాబ్!" అని హిందీలో అరిచాడు. తిండి వరసలో నిలబడ్డ వాళ్లందరూ విన్నారు.

సుబేదార్ సాబ్ వెనక్కి తిరిగి షెడ్డు వైపు నడిచాడు. సాయంత్రం మళ్లీ లంగర్‌కు వచ్చి, మూడు రోజులు ఆగు, నేనే సర్ది పంపిస్తాను అని భుజం తట్టాడు. మల్లేశం కళ్లు తుడుచుకున్నాడు. అది ఎవరూ చూడలేదు. అక్కడ నేనొక్కడినే ఉన్నాను. అరుపు విన్నవాళ్లు వంద మంది. భుజం తట్టడం చూసినవాణ్ని ఒక్కణ్నే.

ఆ మర్నాడే జరిగింది.

పీటీ అయిపోయింది. నేను ఎం.ఐ. రూమ్‌లో కత్తెరలు ఉడకబెట్టే పెట్టె తుడుస్తున్నాను. గుమ్మంలో సుబేదార్ సాబ్. పొట్ట పట్టుకుని వంగి ఉన్నాడు. ఆ మనిషి వంగడం నేనెప్పుడూ చూడలేదు.

"డాక్టర్, కడుపులో కత్తి తిప్పినట్టుంది" అన్నాడు. మంచం దాకా రాలేదు. అక్కడే వాంతి చేసుకున్నాడు. పచ్చగా. ఇంకోసారి. మూడోసారికి అందులో ఎర్రచార కనిపించింది.

మంచం మీద పడుకోబెట్టాను. బీపీ చూశాను. పడిపోతోంది. నాడి పరుగెత్తుతోంది, దారంలా ఉంది. చెయ్యి చల్లగా చెమటలు పట్టింది. బయట ఎండ మండుతోంది, ఆయనకు వణుకు. రెండు చేతులకూ సెలైన్ పెట్టాను. మేడమ్‌కు ఫోన్ చేశాను. పరుగున వచ్చింది.

"ఏం తిన్నారు సాబ్? ఏం తాగారు?"

"లౌకీ రసం. అంతే."

"ఎలా ఉంది రుచి?"

ఆయన నవ్వబోయాడు. "చేదు మేడమ్. మంచి మందు ఎప్పుడూ చేదే కదా."

మేడమ్ మొహంలో రంగు మారింది. నా వైపు చూసి "ఆంబులెన్స్. ఇప్పుడే" అంది. "గేటుకు చెప్పండి, విషాహారం అనుమానం అని."

నేను వైర్‌లెస్ సెట్ అందుకున్నాను.

"గేట్, ఎం.ఐ. రూమ్. ఆంబులెన్స్ బయటికి. దారి ఖాళీ ఉంచండి. ఓవర్."

"ఎం.ఐ. రూమ్, గేట్. ఏం కేసు? ఓవర్."

"విషాహారం అనుమానం. సుబేదార్ సాబ్. ఓవర్."

అవతల ఒక క్షణం గరగర. తర్వాత సిగ్నల్ ఆపరేటర్ గొంతు, సెట్ బటన్ వదలకుండానే పక్కవాడితో అంటున్నాడు. "అరే, సుబేదార్ సాబ్‌కు ఎవరో జహర్ పెట్టారంట."

జహర్ అంటే విషం. ఆంబులెన్స్ గేటు దాటేలోపే ఆ మాట లారీల షెడ్డు దాకా వెళ్లిపోయింది. సెట్‌లో నేను చెప్పింది ఒకటి. క్యాంపు విన్నది ఇంకొకటి.

ఆంబులెన్స్‌లో మేడమ్ ముందు సీటు వెనక కూర్చుని ఆసుపత్రితో ఫోన్‌లో మాట్లాడుతోంది. సైరన్ మోగుతోంది. నేను ఆయన తల పక్కన ట్రే పట్టుకుని ఉన్నాను. ఆయన నా చొక్కా కాలరు పట్టుకుని కిందికి లాగాడు.

"మల్లేశ్ నాకు చెప్పాడు" అన్నాడు. "చేదుగా ఉంది సాబ్, పారబోస్తాను అన్నాడు. నేనే గ్లాసు లాక్కున్నాను. వాడి తప్పు లేదు. చెప్పు."

"చెబుతాను సాబ్. మాట్లాడకండి."

"వాణ్ని సెలవుకు పంపు."

ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు, మందులు పెట్టారు. ఆ చేదుకు విరుగుడు అంటూ ఏదీ లేదని, శరీరాన్ని నిలబెట్టి చూడటమే దారని అక్కడి డాక్టర్ మేడమ్‌తో చెబుతుంటే విన్నాను. కడుపులో రక్తస్రావం ఆగలేదు. షుగరు మనిషి, గుండె తట్టుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

వరండాలో భాభీజీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. మేడమ్ ఆమె దగ్గరికి వెళ్లి నెమ్మదిగా చెప్పింది. కాయలోనే చేదు పుట్టి ఉంటుంది, అది రసంగా గ్లాసెడు లోపలికి వెళ్లింది అని.

భాభీజీ ఆమె మొహంలోకి చూసింది.

"ఆ గింజ నేను నాటాను. నీళ్లు నేను పోశాను. మా అత్తగారింట్లో ఇరవై ఏళ్లుగా అదే లౌకీ తింటున్నాం. అది మనిషిని చంపుతుందా?" గొంతు పెరిగింది. "వంటవాడు నిన్నగాక మొన్న అందరి ముందూ అరిచాడు. వాడే ఏదో కలిపాడు. వాణ్ని అడగండి!"

వరండాలో మా యూనిట్ వాళ్లు పది మంది ఉన్నారు. ఒక్కరూ నేల మీద నుంచి కళ్లెత్తలేదు. అప్పుడే నాకు అర్థమైంది, వాళ్లందరూ ఆమె మాటే నమ్మారని.

నేను ముందుకు వెళ్లాను. "భాభీజీ, దారిలో సాబ్ నాతో..."

"నువ్వు మాట్లాడకు. నువ్వూ వాడి ఊరివాడివే."

మాది టెక్కలి, వాడిది సిద్దిపేట. మధ్యలో ఎన్ని వందల కిలోమీటర్లున్నాయో ఆమెకేం తెలుసు. ఢిల్లీలో మేమిద్దరం ఒకే ఊరివాళ్లం.

విచారణ మొదలైంది. మల్లేశాన్ని లంగర్ నుంచి తప్పించారు. బ్యారెక్ చివరి గదిలో ఉంచి గుమ్మం దగ్గర సెంట్రీని పెట్టారు. ఫోన్ తీసుకున్నారు. చెల్లెలి సంగతి తెలుసుకునే దారి కూడా లేదు వాడికి. నేను నా ఫోన్ నుంచి వాళ్లింటికి చేసి, తల్లీ పిల్లా క్షేమమని తెలుసుకుని చెప్పడానికి వెళ్లాను. సెంట్రీ లోపలికి పోనివ్వలేదు. కిటికీలోంచి మాట్లాడాను.

"నీ చెల్లికి ఆడపిల్లరా. ఇద్దరూ బాగున్నారు. ఏటి, తిన్నావా?"

"తిననీకి అయితలేదన్నా." గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. "సాబ్‌కు చెప్పిన అన్నా. నాలికకు జర అంటించుకుంటే చేదున్నది. పారబోస్త సాబ్ అన్న. కాకర తింటలేమా, యాప నములుతలేమా అని గుంజుకుని తాగిండు. నేనేం జేతు? గ్లాసు గుంజుకునేటోణ్నా? ఆయన సుబేదారు, నేను నాయక్‌ను."

"నాకు తెలుసురా. సాబ్ నాకు చెప్పీసినాడు."

వాడు కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చాడు. సెంట్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

విచారణకు బయటి యూనిట్ నుంచి ఒక మేజర్ వచ్చాడు. మర్యాదస్తుడు. నన్ను కుర్చీలో కూర్చోమని, చెప్పిందంతా విన్నాడు. ఆఖర్న అడిగాడు.

"ఆంబులెన్స్‌లో ఆయన చెప్పిన మాట ఇంకెవరైనా విన్నారా?"

"లేదు సర్. సైరన్ మోగుతోంది. మేడమ్ ఫోన్‌లో ఉన్నారు."

"మీదీ నాయక్ మల్లేశందీ ఒకే భాష కదా?"

"అవును సర్."

ఆయన తల ఊపాడు. ఆయన అడగాల్సిందే అడిగాడు, తప్పు పట్టను. కానీ లదాఖ్‌లో నేను ఒక బిహారీ కుర్రాణ్ని వీపున వేసుకుని గడ్డకట్టిన వాగు దాటాను. అప్పుడు నా భాష ఏమిటని నన్నెవరూ అడగలేదు.

పాదు మీద మిగిలిన కాయల్లో రెండింటిని, గ్లాసులో, మిక్సీ జార్‌లో అంటుకున్న రసాన్ని మేడమ్ మొదటి రోజే సీలు వేసి ల్యాబ్‌కు పంపించింది. ఫలితం రావడానికి టైం పట్టింది. ఆలోపు ఆమె నాకు చాలా సంగతులు చెప్పింది. ఆనప, దోస, గుమ్మడి జాతి మొక్కలు తమను పురుగూ పశువూ తినకుండా ఒక చేదు పదార్థాన్ని పుట్టించుకుంటాయి. మనం తినే రకాల్లో అది దాదాపు ఉండదు. కానీ ఎండకు మాడి, నీళ్లు లేక గిలగిల్లాడితే ఆ చేదు మళ్లీ పెరగొచ్చు. గింజ ఎక్కడో అడవి రకంతో కలిసినా రావొచ్చు. కాయ చూడటానికి మామూలుగానే ఉంటుంది.

"ఉడికిస్తే పోదా మేడమ్?"

"పోదు. కాకపోతే కూర చేదుగా ఉంటే ఒక ముద్దకే ఉమ్మేస్తాం. రసమైతే మందనుకుని గటగటా తాగేస్తాం. అక్కడే ప్రాణం పోతుంది."

"మరి కాకరకాయ?"

"అది ఉండాల్సిందే చేదుగా. దాని చేదు వేరు. చేదు ఉండకూడని కాయ చేదుగా ఉంటే, అది మొక్క మనకు చెబుతున్న మాట. ఉమ్మేసి, నోరు కడుక్కుని, కాయ పారేయాలి. అంతే హవల్దార్ సాబ్. ఇంత చిన్న సంగతి." ఆమె స్టెతస్కోప్ మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "నేను ఆయనకు మాత్రలు రాశాను. పథ్యం చెప్పాను. ఇంకేం తాగుతున్నారని అడగాలని నాకు తోచలేదు."

ఒక ఉదయం ఆమె క్యాంపునంతా పరేడ్ మైదానంలో కూర్చోబెట్టింది. మొలకలొచ్చి పచ్చబడ్డ బంగాళాదుంపలు చూపించింది, ఆ పచ్చదనం దగ్గర విషం చేరుతుందని. నానబెట్టినా బాగా తెర్లేదాకా ఉడికించని రాజ్మా గింజలు చూపించింది, సగం ఉడికితే గుప్పెడు గింజలు చాలు వాంతులకు అని. తర్వాత పాదు మీద నుంచి కోసిన ఆనపకాయను ముక్కలు చేసింది.

"గోటి మీద పట్టేంత ముక్క. నాలుకకు అంటించి ఉమ్మేయండి. మింగొద్దు. చేదో కాదో మీకే తెలుస్తుంది. ఎవరొస్తారు?"

ఎవరూ లేవలేదు. విమానం ఒకటి మా నెత్తి మీదుగా వెళ్లింది. ఎవరో వెనక నుంచి అన్నారు, "మేడమ్ వంటవాణ్ని కాపాడాలని చూస్తోంది."

నేను లేచాను. ముక్క నాలుకకు తాకించాను. వెంటనే ఉమ్మేశాను. నోరంతా మెలిపెట్టినట్టయింది. నాలుగుసార్లు పుక్కిలించినా సాయంత్రం దాకా గొంతులో ఆ చేదు పోలేదు. ఆ గ్లాసు నిండా ఆయన ఎలా తాగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ప్రమోషన్ మీద ఆశ అంత తియ్యనిది కాబోలు.

ల్యాబ్ నుంచి ఫలితం వచ్చింది. బయటి విషం ఏదీ లేదు. కాయలో పుట్టిన చేదు పదార్థమే మోతాదు మించి ఉంది. గ్లాసులోనూ అదే. మల్లేశం నిర్దోషి. మేజర్ స్వయంగా వాడితో చెయ్యి కలిపి, ఫోన్ తిరిగి ఇప్పించి వెళ్లాడు. ఫాల్‌ఇన్‌లో, యూనిట్‌నంతా వరసలో నిలబెట్టి, చదివి వినిపించారు.

నేను అంతా అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మల్లేశం మళ్లీ ఏప్రాన్ కట్టుకుని పప్పు గుండిగ దగ్గర నిలబడ్డాడు. పక్క గుండిగ దగ్గర సెలవు నుంచి వచ్చిన రెండో వంటవాడు. జవాన్లు పళ్లేలు పట్టుకుని వచ్చారు. వరస మెల్లగా పక్కకు వంగింది. అందరూ రెండోవాడి దగ్గరికే. మల్లేశం గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పప్పు మీద తెట్టు కట్టింది. చివరికి ఒక లాన్స్ నాయక్ వచ్చి పళ్లెం చాపాడు. చాపి, "ముందు నువ్వు తిను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మల్లేశం గుండిగలోంచి గరిటెతో పప్పు తీసుకుని, అందరి ముందూ నిలబడి తిన్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున పూరీ, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం కూర. ముందు తను తినేవాడు. అప్పుడు వరస కదిలేది. వాడు తినకముందే పళ్లెం చాపింది మేడమ్, నేను, వడదెబ్బ నుంచి బతికిన ఆ డ్రైవర్. మేము ముగ్గురమే.

పచ్చబడ్డ దుంపలు మాత్రం మా లంగర్‌లోకి మళ్లీ రాలేదు. రాజ్మా రాత్రే నానేసి, ఎసరు తెర్లాడేదాకా ఉడికించాకే దించేవాళ్లు. ఆ పనులన్నీ దగ్గరుండి చూసుకున్నది మల్లేశమే. వాడి జాగ్రత్త తిన్నారు. వాణ్ని మాత్రం నమ్మలేదు.

వాన మొదలయ్యాక వాడు డిశ్చార్జికి పెట్టుకున్నాడు. పెన్షన్ వచ్చేంత సర్వీసు అప్పటికే ఉంది, కానీ ఇంకా ఏళ్లు చేయగలిగినవాడు. నేను వద్దన్నాను. మేడమ్ వద్దంది. వేరే యూనిట్‌కు బదిలీ రాయిస్తానంది.

"ఏడికి పోయినా నాకంటే ముందే ముచ్చట పోతది మేడమ్" అన్నాడు.

స్టేషన్‌కు నేనే వెళ్లాను. జనరల్ బోగీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. ప్లాట్‌ఫాం మీద నుంచి రెండు ఇడ్లీ పొట్లాలు కొని ఇచ్చాను. ఒకటి విప్పి, ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి నవ్వాడు.

"సూసినవా అన్నా, అలవాటైంది. నీకు పెట్టే ముందు నేను తింటున్న."

బండి కదిలింది. ఇప్పుడు వాడు సిద్దిపేటలో ఒక స్కూలు బస్సుకు డ్రైవరు. వంట జోలికి పోలేదు. ఇంట్లో కూడా గరిటె పట్టడట.

ఏడాదిన్నరకు నా సర్వీసు అయిపోయింది. అప్పటికి భాభీజీ ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఢిల్లీ వదిలే ముందు ఒకసారి ఆమెను చూడాలనిపించింది. సాబ్ చెప్పమన్న మాట ఆమెకు చెప్పకుండా రైలెక్కలేననిపించింది. మెట్రో దిగి, షేర్ ఆటో పట్టుకుని, సెక్టార్‌లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రెండంతస్తుల చిన్న ఇల్లు. తలుపు ఆమే తీసింది. సన్నబడింది. గుర్తుపట్టింది. కూర్చోమంది, నీళ్లిచ్చింది.

"భాభీజీ, ఆ రోజు ఆంబులెన్స్‌లో సాబ్..."

"వద్దు" అంది.

"ఒక్క మాటే."

"ఆ మాట ఏమిటో నాకు తెలుసు బేటా. మేడమ్ ఫోన్ చేసి విచారణ కాగితంలో ఉన్నదంతా చెప్పింది. నేను వినలేదనుకున్నావా?" ఆమె తన అరచేతులను ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది. "నువ్వు ఆయన మాటగా చెబితే నేను ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ గింజ నాటింది ఎవరు? ఈ చేతులతోనే కదా నేను అన్నం తినాలి."

"మల్లేశం ఉద్యోగం వదిలేశాడు భాభీజీ."

ఆమె నా నీళ్ల గ్లాసు తన దగ్గరికి లాక్కుంది. "తెలుసు" అంది. తర్వాత లేచింది. "చాయ్ తాగి వెళ్తావా?"

వద్దని లేచి వచ్చాను. మర్నాడు రైలెక్కాను. టెక్కలి వచ్చేశాను. ఇక్కడ ఉదయం నడకకు వచ్చే పెద్దమనుషులు ఫోన్లు చూపిస్తారు. ఏ రసం తాగితే ఏ రోగం పోతుందో అందులో ఉంటుంది. చెట్టుకు కాసింది చెడు చేస్తుందా అంటారు. నేను చెబుతాను. చేదైతే ఉమ్మేయండి, దుంప పచ్చబడితే పారేయండి అంటాను. మిలిటరీవాడివి కదా, నీకు అన్నిటిలో శత్రువే కనపడతాడు అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

లదాఖ్ మంచు కలలోకి రాదు. ఆంబులెన్స్ కూడా తగ్గింది. ఫరీదాబాద్ వీధి మాత్రం పోలేదు.

ఆ రోజు నేను ఆమె ఇంటి నుంచి దిగి, వీధి చివర ఆటో కోసం నిలబడ్డాను. కూరగాయల తోపుడు బండి వచ్చి ఆమె గుమ్మం ముందు ఆగింది. ఆమె సంచి పట్టుకుని కిందికి వచ్చింది. నన్ను చూడలేదు. బండి మీద నుంచి ఒక లేత లౌకీ తీసింది. గోటితో తొడిమ దగ్గర చిన్న ముక్క గిల్లింది. నాలుక మీద పెట్టుకుంది. బండివాడు త్రాసు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. పక్కన స్కూటర్లు హారన్ కొడుతూ పోతున్నాయి. ఆమె కదల్లేదు. నడివీధిలో, కళ్లు గట్టిగా మూసుకుని, ఆ ముక్క చేదుగా ఉందో లేదో తెలిసేదాకా అలాగే నిలబడి ఉంది.